ముప్పైతొమ్మిదో ఫారం

మైదా జిగురు ఉడుకుతున్నప్పుడు గరిటె ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది. అడుగంటిన జిగురుతో అట్ట వేస్తే ఆరు నెలలకే ఊడి చేతికొస్తుంది. అందుకని పొద్దున తొమ్మిదింటికి గిన్నె పొయ్యి మీదికెక్కిందంటే, తలుపు కొట్టింది లైబ్రేరియన్ అయినా సరే, జిగురమ్మ కదలదు. పురుగు పట్టకుండా ఎడంచేత్తో చిటికెడు మైలుతుత్తం వేస్తుంది, కుడిచేత్తో తిప్పుతూనే ఉంటుంది. ఆ తిప్పుడుకి కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారిపోయింది. ఆమెకి అసలు పేరు ఒకటుంది. అది హాజరుపట్టీలో ఉంది. దాన్ని నోటితో పలికినవాళ్ళు లేక, ఎప్పుడైనా వినబడితే ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమే పక్కకి చూస్తుంది.

గ్రంథాలయం వెనక ఆరు మెట్లు దిగితే ఆమె గది. కిటికీ ఒక్కటే, అదీ వీధి మట్టానికి. అందులోంచి మనుషులు కనపడరు, పాదాలు కనపడతాయి. పాతికేళ్ళుగా చూసి చూసి, ఏ పాదాలు ఆఫీసుకి ఆలస్యమయ్యాయో, ఏవి ఇంట్లో పోట్లాడి బయల్దేరాయో చెప్పేయగలదు. గదిలో పొడుగాటి బల్లలు రెండు, ఇనుప ప్రెస్సు ఒకటి, వేళ్ళు జాగ్రత్త అని ఎర్ర అక్షరాలతో రాసిన కటింగ్ మిషన్ ఒకటి. గోడవారన అరలో రోగులుంటారు. పుస్తకాలని ఆమె అలాగే అంటుంది. నడ్డి విరిగినవీ, చెవులు మడిచినవీ, టీ తాగినవీ, పసిపిల్లలు నమిలినవీ. ఏ రోగినీ ఆమె తిట్టదు, రోగం తెచ్చినవాళ్ళని మాత్రం వదలదు.

పుస్తకాలు విప్పుతుంది గానీ చదవదు. వంటమనిషి ప్రతి గిన్నే రుచి చూస్తూ పోతే వడ్డనకి ఏం మిగులుతుందని ఆమె వాదన. ఒకే ఒక్క పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివింది. చివర రెండుసార్లు చదివింది, ఎందుకంటే అందులో చివర రెండుసార్లు ఉంది. ఆ సంగతి ఈ ఊళ్ళో ఆమెకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున జిగురు ఇంకా చిక్కబడకుండానే కిటికీలోంచి నల్ల బూట్లు కనపడ్డాయి. జైలు వార్డరు. ఏడాదికి రెండుసార్లు, జైలు లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు గోనెసంచిలో వేసుకుని వస్తాడు. మీసం చూస్తే భయం వేస్తుంది, గొంతు వింటే నవ్వొస్తుంది, అంత మెత్తన.

"లోపలికి రండి, తలుపు తీసే ఉంది. నేను లేవను."

"తెలుసమ్మా, మీ గరిటె సంగతి తెలీనిదెవరికి?" అంటూ సంచి బల్ల మీద పెట్టాడు. "మావాళ్ళకి చదువు ఎక్కువైపోయింది. పుస్తకాలు నలిపేస్తున్నారు."

"నలిగితే మంచిదే. నలగని పుస్తకాన్ని చూస్తేనే నాకు జాలి."

"అలాగైతే ఇదిగో, మీకు పండగే." సంచిలో చెయ్యి పెట్టి లావుపాటి పుస్తకమొకటి పైకి తీశాడు. వెన్ను పగిలి రెండు ముక్కలైంది. "రష్యన్ నవల. ఇన్నేళ్ళూ బాగుచేయించడానికి తెద్దామంటే ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి పోతూనే ఉంది. ఇప్పుడు రెండు ముక్కలై ఇద్దరు ఒకేసారి చదవడం మొదలుపెట్టారు, కొట్టుకున్నారు. అందుకని తెచ్చాను. చివర లేదు దీనికి, తెలుసా? అయినా ఇదే కావాలంటారు."

అట్ట మీద ఆకుపచ్చ కాలికో, బైండింగు గుడ్డ. వెన్ను మీద అడ్డంగా నాలుగు గీతలు. ఆ గీతలు వేసిన చెయ్యి తనదే. జిగురమ్మ గరిటె ఆగిపోయింది. వార్డరు ఇంకేదో చెబుతున్నాడు, వెళ్తానంటున్నాడు, ఆమె తలాడిస్తోంది. అతను ఆరు మెట్లూ ఎక్కి వెళ్ళిపోయాక, నల్ల బూట్లు కిటికీ దాటాక, మాడు వాసన ముక్కుకి తగిలింది. పాతికేళ్ళలో మొదటిసారి ఆమె జిగురు అడుగంటింది.

పొయ్యి ఆపేసి, స్టూలు లాక్కుని కూర్చుంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ గదికి యజమాని మేస్త్రి. ఆమె చేరి మూడేళ్ళే అయింది, ఉద్యోగం ఇంకా తాత్కాలికమే, ఇంట్లో మూడేళ్ళ కూతురు, ఆ పిల్లకి తండ్రి ఉన్నా లేనట్టే. మేస్త్రి ఫారాల వరస చూసేవాడు, ఆమె కుట్టేది. పెద్ద పుస్తకమంటే పదహారేసి పేజీల ఫారాల దొంతర. విప్పి, శుభ్రం చేసి, అంకెలు చూసుకుంటూ వరసగా పేర్చి, ఒక్కోటీ దారంతో కుట్టాలి. వరస చూసినవాళ్ళు చివరి అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. మేస్త్రి గుర్తు చిన్న సున్నా, పక్కన చుక్క. ఆయన పని చెప్పింది తక్కువ, కసిరింది ఎక్కువ. కసిరినవాటిలో మొదటిది ఇది: ఒకే పుస్తకం రెండు కాపీలు ఒకే బల్ల మీద విప్పకూడదు. వేరే వేరే పుస్తకాలు కలిసిపోతే గుడ్డివాడికైనా తెలుస్తుంది, కవలలు కలిసిపోతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఆ నెల ఈ నవలవి రెండు కాపీలూ ఒకేసారి వచ్చాయి. ఒకటి ఊరి లైబ్రరీది, ఒకటి జైలుది. మేస్త్రి సాయంత్రం రెండింటికీ వరస చూశాడు, రెండు బల్లల మీద రెండు దొంతర్లు పెట్టాడు, సున్నా చుక్క పెట్టి ఇంటికి వెళ్ళాడు. మర్నాడు కళ్ళజోడు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాడు. ఆమె జిగురు గిన్నె పెట్టుకోవడానికి చోటు చాలక ఒక దొంతర ఎత్తి రెండోదాని పక్కన పెట్టింది. మోచెయ్యి తగిలింది. రెండు దొంతర్లూ కింద పడ్డాయి. అంకెలు చూసి సర్దడానికి గంట పడుతుంది, మేస్త్రి వచ్చేస్తాడు, వస్తే తిడతాడు. తిట్లు తప్పించుకోవడానికి ఆమె కంటికి సరిపోయినట్టు సర్దేసి కుట్టేసింది.

రెండు నెలలకి జైలునుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకం ఆరువందల ఎనిమిదో పేజీలో ఆగిపోయింది, చివరి పదహారు పేజీలు లేవు, ఖైదీలు గొడవ చేస్తున్నారు అని. అప్పటి అధికారి ఇద్దరినీ పిలిచాడు. గుర్తు మేస్త్రిది. మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నా కళ్ళకి కనపడలేదేమోనండి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. జిగురమ్మ భుజాలు కూడా తడుముకోలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ సాయంత్రమే మేడ మీదికెళ్ళి ఊరి కాపీ తీసి చూసింది. ముప్పైతొమ్మిదో ఫారం అయిపోయింది, దాని వెనక మళ్ళీ ముప్పైతొమ్మిదో ఫారం. దాన్ని తీసుకెళ్ళి చూపిస్తే కుట్టింది ఎవరో తెలిసిపోతుంది. పుస్తకం మూసి అరలో పెట్టేసింది. నెల తిరిగేలోగా మేస్త్రిని, చూపు ఆనడం లేదని రాసి, ఇంటికి పంపించేశారు. తేలు కుట్టిన దొంగలా ఆమె ఆయన బల్ల తుడిచి, ఆయన కుర్చీలో కూర్చుంది.

ఆ నవల చదివింది ఆ తర్వాతే. మంచు పడే ఊళ్ళో ఒక తపాలా గుమాస్తా. ఒక్కో మనిషికి మూడేసి పేర్లు, ఎవరు ఎవరో తెలుసుకోవడానికే వంద పేజీలు పోతాయి. గుమాస్తా కోపంలో పిండిమర యజమానిని తూనికరాయితో కొడతాడు, అతను చచ్చిపోతాడు, నేరం ఒక బండివాడి మీద పడుతుంది. బండివాణ్ణి గనుల్లోకి పంపేస్తారు. గుమాస్తా బతుకుతాడు. పెళ్ళి చేసుకుంటాడు, పెద్దమనిషి అవుతాడు, అందరూ దణ్ణాలు పెడతారు, ఆరువందల పేజీలు నిద్రపోడు. చివరి పదహారు పేజీల్లో నడుచుకుంటూ గనుల దగ్గరికి వెళ్ళి బండివాడికి నిజం చెబుతాడు. బండివాడు అతన్ని కౌగిలించుకుని ఏడుస్తాడు. ఊరి కాపీలో గుమాస్తాకి రెండుసార్లు క్షమాపణ దొరుకుతుంది. జైలు కాపీలో ఒక్కసారి కూడా దొరకదు.

ఊరి కాపీ ఇన్నేళ్ళలో రెండుసార్లు ఆమె చేతికే బాగుకి వచ్చింది. రెండుసార్లూ ఆ ఎక్కువ ఫారాన్ని ఎక్కడున్నదాన్ని అక్కడే కుట్టింది. తీసేస్తే దొంగతనం, ఉంచితే సాక్ష్యం, ఉంచింది. ఎవరో పాఠకుడు దాని అంచున రాశాడు కూడా: బైండరుకి ఈ ముగింపు బాగా నచ్చినట్టుంది.

ఇప్పుడు జైలు కాపీ ఒళ్ళో ఉంది. రెండో ముక్క తిప్పి చివరి పేజీ చూసింది. "గుమాస్తా తలుపు తీసి, మంచులోకి ఒక అడుగు వేసి," అని ఉంది. అక్కడితో సరి. ఆ తర్వాత అట్టకి అంటించిన ఖాళీ కాగితాలు. అవి ఖాళీగా లేవు.

పెన్సిల్‌తో, పెన్నుతో, ఒకచోట బొగ్గులాంటి దేనితోనో, ఇరవై రెండేళ్ళ చేతిరాతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మొదటిది గుండ్రటి అక్షరాలు: "వేసి, మళ్ళీ లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు. నేనైతే అదే చేస్తా." దాని కింద వంకర రాత: "బండివాడి దగ్గరికెళ్ళాడు. బండివాడు తన్నాడు. బాగా అయింది." ఇంకొకటి: "పోలీసుల దగ్గరికెళ్ళి చెప్పాడు. మీరు పెద్దమనుషులు, మీకు ఒంట్లో బాగోలేనట్టుంది, ఇంటికెళ్ళి పడుకోండి అన్నారు." జిగురమ్మకి నవ్వొచ్చింది, వెంటనే నోరు మూసుకుంది. "వెళ్ళేసరికి బండివాడు చచ్చిపోయాడు" అని ఎవరో రాస్తే, దాన్ని గట్టిగా కొట్టేసి పక్కన ఇంకెవరో రాశారు: "అలా రాయకు. చావలేదు." మూల ఒకచోట: "నేను చేసినదానికి వేరేవాడెవడూ లోపల లేడు. అదొక్కటే నాకు నిద్ర."

అన్నిటికంటే కింద, అట్ట అంచున, మేస్త్రి పెట్టిన సున్నాకీ చుక్కకీ ఆనుకుని, చీమల్లాంటి అక్షరాలు. కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివింది.

"నేను బండివాణ్ణే. తొమ్మిదేళ్ళయింది. వాడు వస్తే కొట్టను. రమ్మనండి."

జిగురమ్మ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. మేస్త్రి ఇంటికి ఆమె ఏటా రెండుసార్లు వెళ్తూనే ఉంది. పళ్ళు పట్టుకెళ్ళేది. ఎండల గురించీ, వానల గురించీ మాట్లాడి, ఆయన దగ్గుకి మందు పేరు చెప్పి, వచ్చేసేది. ఈసారి చెబుదాం అనుకుంటూ మెట్లు ఎక్కేది, వచ్చేసారి చెబుదాం అనుకుంటూ దిగేది. కూతురు పెద్దదైంది, చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. సాకులన్నీ ఎప్పుడో పెరిగి పెద్దవై ఇల్లు వదిలి వెళ్ళిపోయాయి, మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

మేడ మీదికెళ్ళి ఊరి కాపీ తెచ్చింది. దాన్ని ఒక బల్ల మీద, జైలు కాపీని ఇంకో బల్ల మీద పెట్టింది. చిన్న కత్తితో దారం తెంపి, ఎక్కువగా ఉన్న ముప్పైతొమ్మిదో ఫారాన్ని ఊడదీసింది. పదహారు పేజీలు, ఎవరూ పెద్దగా తిప్పనివి కాబట్టి ఇంకా తెల్లగానే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించింది. పావుగంట పని. కుట్టేస్తే ఊరి కాపీ సరైపోతుంది, జైలు కాపీ సరైపోతుంది, తప్పు జరిగిన ఆనవాలే ఉండదు. సూది మొదటి రంధ్రం దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. ఆమె సూదిని జాకెట్టు అంచుకి గుచ్చుకుని, చేతులు కడుక్కుని, లైబ్రేరియన్ గదికి వెళ్ళింది.

లైబ్రేరియన్ రెండేళ్ళ కిందట వచ్చిన అమ్మాయి. జిగురమ్మ కూతురు వయసే ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒక పట్టిక నింపుతూ ఉంటుంది.

"మేడమ్, మధ్యాహ్నం సెలవు కావాలండి. దానికంటే ముందు ఒక సంగతి చెప్పాలి."

"కూర్చుని చెప్పండమ్మా."

"కూర్చుంటే చెప్పలేను." నిలబడే చెప్పింది. చెప్పడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది గానీ, చెబితే అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

లైబ్రేరియన్ పట్టిక పక్కన పెట్టింది. "ఆ ఫారం ఇప్పుడు మీ దగ్గరే ఉంది కదా. కుట్టేస్తే సరిపోయేదిగా. నాకు కూడా తెలిసేది కాదు."

"అదేనండీ భయం. కుట్టేస్తే ఇంక చెప్పాల్సిన పని ఉండదు. పని లేకపోతే నేను చెప్పను. నా సంగతి నాకు తెలుసు."

ఆ అమ్మాయి కాసేపు కలంతో బల్ల మీద కొట్టింది. "ఇది పై ఆఫీసుకి రాయాల్సి వస్తుందమ్మా. మీకు సంజాయిషీ నోటీసు రావచ్చు."

"రాయండి. జిగురమ్మ అని రాయకండి, అసలు పేరు రాయండి. హాజరుపట్టీలో ఉంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మేస్త్రిగారి పేరు కూడా అందులోనే ఉంటుందండి, పాత పుస్తకంలో. ఆయన కళ్ళది కాదు తప్పు అని కూడా రాయండి."

మేస్త్రి ఇల్లు గడియారాలు బాగుచేసే దుకాణం మీద. చేతిసంచిలో జైలు కాపీ రెండో ముక్క, ఊడదీసిన ఫారం, దారపుండ. పళ్ళు తేలేదు. కోడలు తలుపు తీసి, చేతులకేసి చూసి, "మామయ్యగారికి బొత్తిగా బాగోలేదండి. ఎక్కువసేపు మాట్లాడించకండి" అంది.

కిటికీ పక్కన మంచం. దాని మీద మనిషి తగ్గిపోయాడు, చేతులు మాత్రం తగ్గలేదు. మోకాళ్ళ మీద దుప్పటి, దుప్పటి మీద ఆ చేతులు. చూపు అయిదారేళ్ళ కిందటే పూర్తిగా పోయింది. తల గుమ్మం వైపు తిప్పాడు.

"మైలుతుత్తం వాసన. జిగురమ్మేనా?"

"నేనే మేస్త్రిగారూ."

"ఇవాళ జిగురు మాడబెట్టావు."

"మాడబెట్టాను." ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఎండల గురించి మాట్లాడలేదు. "మేస్త్రిగారూ, ఆ రష్యన్ నవలలో పోయిన ఫారం మీ కళ్ళు చేసిన తప్పు కాదు. మీరు వరస సరిగ్గానే చూశారు. నేను కలిపేశాను. తెలిసి కూడా చెప్పలేదు. ఆ ఫారం, పుస్తకం ఈ సంచిలోనే ఉన్నాయి."

కింద దుకాణంలో ఏదో గడియారం పన్నెండు కొట్టింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మేస్త్రి తల ఆమె గొంతు వైపు దించాడు.

"ఎలా కలిసింది?"

"మీరు ఆస్పత్రికి వెళ్ళిన రోజు. గిన్నెకి చోటు లేక రెండు దొంతర్లూ ఒకే బల్ల మీద పెట్టాను. మోచెయ్యి తగిలి పడ్డాయి."

"ఒకే బల్ల మీద."

"అవును."

"చెప్పానా, వద్దని?"

"చెప్పారు."

మేస్త్రి చేతులు దుప్పటిని పట్టుకున్నాయి. "మరి అప్పుడు నా కళ్ళు బాగానే ఉన్నాయే. అచ్చు ప్రెస్సువాళ్ళు మూడుసార్లు వచ్చారు నన్ను పనికి పిలవడానికి. వెళ్ళలేదు. సూది పట్టుకుంటే మళ్ళీ ఎవరి పుస్తకం పాడుచేస్తానో అని. చూపు నిజంగా తగ్గడం మొదలైంది పదేళ్ళ తర్వాత. ఆ పదేళ్ళూ నేను కళ్ళున్న గుడ్డివాణ్ణి. మా ఆవిడ పోయేముందు కూడా, పోన్లెండి, వయసొచ్చాక ఎవరికైనా తప్పుతుంది అని నన్నే ఓదార్చింది. ఆవిడికి తెలీకుండానే పోయింది."

పుస్తకంలో బండివాడు గుమాస్తాని కౌగిలించుకున్నాడు. మేస్త్రి గోడ వైపు తిరిగాడు. "నువ్వు లే. బయటికి పో కాసేపు" అన్నాడు.

ఆమె మెట్ల మీద కూర్చుంది. కోడలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పేసింది. కానీ ఈసారి మెట్లు దిగడానికి కాళ్ళు ఒప్పుకోలేదు. తిట్టాలంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా, ఆ మాత్రం ఆయనకి మిగల్చాలి అనుకుంది. ఒంటిగంట కొట్టాయి కింద గడియారాలు, ముందూ వెనకా.

లోపల్నుంచి వినబడింది. "అమ్మాయ్, ఉందా, వెళ్ళిందా?"

"ఉన్నారు మామయ్యా."

"రమ్మను. దారం తెచ్చిందేమో అడుగు."

ఆయన మంచం కింది రేకు పెట్టె తీయించుకున్నాడు. అందులోంచి గుడ్డలో చుట్టిన తేనెమైనం ముద్ద తీశాడు. దారం చిక్కుపడకుండా, తేమకి తెగకుండా దాని మీద లాగాలి. ఉద్యోగం పోయిన రోజు పొరపాటున జేబులో వేసుకొచ్చాడట. తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదట. జిగురమ్మ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఆయన దారాన్ని ముద్ద మీద పెట్టి బొటనవేలితో నొక్కి ఒక్క లాగు లాగాడు. ఇరవై రెండేళ్ళయినా ఆ లాగు మారలేదు.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వెన్ను తడిమాడు. పెదవులు కదులుతూ ఒక్కో ఫారం మీదా గోరు ఆనించి లెక్కపెట్టాడు. మొదటి ముక్కలో ఎన్నున్నాయో ఆమెని అడిగి కలుపుకున్నాడు. "ముప్పైఎనిమిది. ఏదీ, మా ముప్పైతొమ్మిదోవాణ్ణి ఇలా ఇవ్వు." ఆమె పదహారు పేజీలు పట్టుకుంది. ఆయన వేలితో పాత రంధ్రం వెతికి, సూది దింపి, అవతలి రంధ్రంలోంచి తీశాడు. ఆమె మధ్యమధ్యలో చెయ్యి అడ్డం పెట్టబోతే మోచేత్తో నెట్టేశాడు.

కుడుతున్నంతసేపూ ఆమె చివరి కాగితాల మీది రాతలు చదివి వినిపించింది. పోలీసులు ఇంటికెళ్ళి పడుకోమన్న చోట మేస్త్రి నవ్వి దగ్గాడు. బండివాడి రాత దగ్గర సూది ఆగింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఇంతకీ ఈ అసలు పుస్తకంలో బండివాడు ఏం చేస్తాడు?"

"కౌగిలించుకుని ఏడుస్తాడండి. రెండు పేజీల్లోనే."

"రెండు పేజీల్లోనా?" మేస్త్రి పెదవి విరిచాడు. "రాసినాయన మీద ఎప్పుడూ పరాయి తప్పు పడి ఉండదు." ముడి వేశాడు, పంటితో దారం తెంపాడు, తెంపిన చోట బొటనవేలితో రాశాడు. "నాకు ఇంకా కోపంగానే ఉంది, తెలుసా."

"తెలుసండి."

"ఉండనీ. కానీ నా చెయ్యి తప్పలేదు." ఆ మాట ఆమెతో అన్నట్టు లేదు. కుడిచెయ్యి ఎత్తి, కనపడని కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పుకుంటూ అన్నాడు. "నా చెయ్యి తప్పలేదే అమ్మాయ్" అని మళ్ళీ కోడలితో అన్నాడు. కోడలు ఎందుకో తెలియకుండానే కళ్ళు తుడుచుకుంది. జిగురమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. వచ్చినంతసేపు రానిచ్చింది.

ఆమె లేచి బయల్దేరుతుంటే మేస్త్రి చెప్పాడు. "వాళ్ళు రాసిన కాగితాలు తియ్యకు. ఫారం వెనకాలే వెయ్యి. ఇంకో నాలుగు ఖాళీ కాగితాలు కూడా వెయ్యి, ఇంకా రాసేవాళ్ళుంటారు. జిగురు పల్చగా పెట్టు. నీది ఎప్పుడూ చిక్కనే."

సాయంత్రం ఆమె కొత్త జిగురు కాచింది. పల్చగా కాచింది. ఊరి కాపీలో తెంపిన దారం మళ్ళీ కుట్టి, జైలు కాపీ రెండు ముక్కలూ కలిపి, నాలుగు ఖాళీ కాగితాలు చేర్చి, ఆకుపచ్చ కాలికోతో దానికి వెన్ను వేసి, నాలుగు గీతలు గీసి, ప్రెస్సులో బిగించింది. చివరి అట్ట లోపల సున్నా, చుక్క అలాగే ఉన్నాయి. వాటి పక్కన మొదటిసారి తన గుర్తు పెట్టింది, అసలు పేరులోని మొదటి అక్షరం.

వారానికి నల్ల బూట్లు వచ్చి పుస్తకం పట్టుకెళ్ళాయి. చివర దొరికిందని చెబితే వార్డరు నమ్మలేదు, తిప్పి చూసుకుని, "ఇంక దీనికోసం కొట్టుకోవడం ఖాయం" అన్నాడు. బండివాణ్ణని రాసినతను ఇంకా లోపలే ఉన్నాడా అని ఆమె అడిగింది. ఆ రాత చూపించింది. వార్డరు చాలాసేపు చూశాడు. "ఈ అక్షరాలు నేనెరుగుదును. అతను పోయినేడు బయటికెళ్ళాడమ్మా. అసలు మనిషి దొరికాడు" అన్నాడు. తనంతట తనే వచ్చాడా అని అడగబోయి మానేసింది. దొరికాడు, అది చాలు.

సంజాయిషీ నోటీసు వచ్చింది, ఆమె సంజాయిషీ రాసింది, ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ ఉత్తర్వు వచ్చిన కవరులోనే మేస్త్రి పేరున ఇంకో ఉత్తరం వచ్చింది. నాలుగే వాక్యాలు, సగం ఆఫీసు భాష, అందులో "తమ వల్ల ఎట్టి పొరపాటూ జరగలేదని ధ్రువీకరించడమైనది" అని ఉంది. లైబ్రేరియన్ దాన్ని తపాలాలో వెయ్యకుండా స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. కోడలు చదివి వినిపిస్తే, మేస్త్రి ఆ రోజు నాలుగుసార్లు చదివించుకున్నాడట.

ఉత్తరం వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, భోజనం చేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. కోడలు టీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదు. చేతులు దుప్పటి మీద మామూలుగానే ఉన్నాయట. జిగురమ్మ వెళ్ళింది, అందరితో పాటు నిలబడింది, ఈసారి మెట్లు దిగేటప్పుడు గొంతులో ఏమీ లేదు. దుఃఖం ఉంది, అది ఉండాల్సిందే.

పదకొండో రోజు పొద్దున జిగురు తిప్పుతుంటే కిటికీలో కోడలి చెప్పులు కనపడ్డాయి. ఆమె మెట్లు దిగి, గరిటె సంగతి ఎరిగినదానిలా ఆమెని ఆపకుండా, మాసిన గుడ్డమూట బల్ల మీద పెట్టి, "మీది మీకిమ్మన్నారు" అని చెప్పి వెళ్ళిపోయింది. జిగురు చిక్కబడేదాకా జిగురమ్మ తిప్పింది, దించింది, చేతులు తుడుచుకుని మూట విప్పింది. తేనెమైనం ముద్ద మీద పాత దారాల గాళ్ళన్నీ దుమ్ముతో నల్లబడి ఉన్నాయి, వాటికి అడ్డంగా ఒక్క గాడి మాత్రం పసుపుపచ్చగా, కొత్తగా మెరుస్తోంది.